లాఫ్‌డ్ ఎట్ మీ

చిట్టితల్లికి,

నీ ఇంగ్లీషు ఉత్తరం అందింది. మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను. కొత్త స్నేహితురాలు మొదటి రోజే ‘లాఫ్‌డ్ ఎట్ మీ’ అని రాశావు. నా బిడ్డను ఎవరో గేలి చేశారనుకొని ఆ పూట నాకు అన్నం సహించలేదు. రాత్రి ఫోనులో నువ్వు చెబితే గాని తెలియలేదు, ఆ పిల్ల ఆప్యాయంగా పలకరించిందని!

తెలుగులో ‘నన్ను చూసి నవ్వింది’ అంటే పలకరింపూ కావచ్చు, వెక్కిరింపూ కావచ్చు. గొంతును బట్టి పోల్చుకుంటాం. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. మనిషిని ‘లాఫ్ ఎట్’ చేస్తే ఎగతాళే. ‘లాఫ్ విత్’ అయితే కలిసి నవ్వుకోవడం. నువ్వు రాయవలసింది ‘స్మైల్డ్ ఎట్ మీ’. మళ్లీ అదే ‘ఎట్’ కదా అంటావు. అవును, దానికి కోపమేమీ లేదు, గురి మాత్రమే ఉంది. రాయైనా చిరునవ్వైనా సరే, ఎవరి వైపు వదిలారో చెప్పడమే దాని పని. బంతిని ‘త్రో టు హిమ్’ అంటే పట్టుకొమ్మని అతనికి విసరడం, ‘త్రో ఎట్ హిమ్’ అంటే అతని మీదకు విసరడం. ‘షౌట్ టు’ దూరాన ఉన్నవాళ్లకు వినబడేలా కేకేయడం, ‘షౌట్ ఎట్’ మీద అరవడం. మన ‘కి’కీ ‘మీద’కీ ఉన్న తేడాయే ఇది. తెలుగులో నువ్వు ఎన్నడూ పొరబడవు.

రెండు భాషల దారులు విడిపోయే చోటే చిక్కు. చిన్నప్పుడు ‘కూర్చి, గురించి’ అని ద్వితీయా విభక్తి వల్లించాం కదా, ఆ ‘గురించి’ నాలుక మీద తిష్ఠ వేసింది. అందుకే ‘డిస్కస్ అబౌట్’ అంటాం. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘అతనితో పెళ్లయింది’ అన్న అలవాటు కొద్దీ ‘మ్యారీడ్ విత్’ అంటాం, అనవలసింది ‘మ్యారీడ్ టు’. ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అనేది మాత్రం సరైన మాటే, కాకపోతే పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారని అర్థం.

నేనేమీ తక్కువ తినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, లెక్కలు శుక్రవారం కల్లా ఇస్తానని చెప్పబోయి ‘బై’ బదులు ‘టిల్ ఫ్రైడే’ అని రాశాను. “శుక్రవారం దాకా ఇస్తూనే ఉంటారా?” అన్నారు పై అధికారి. గదిలో అందరూ నవ్వారు. అది ‘ఎట్’ నవ్వేనని నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

అన్నట్టు, ఉత్తరం చివర ‘టైర్డ్ ఆఫ్ స్టడీయింగ్’ అని రాశావు. ‘ఫ్రమ్’ అయితే చదివి చదివి అలసిపోయావని, ‘ఆఫ్’ అయితే చదువంటేనే విసుగెత్తిందని. నీ మనసులో ఉన్నది ఏది? దీనికి మాత్రం జవాబు తెలుగులోనే రాయి.

ఆశీస్సులతో,
నాన్న