కేసులో ఇరుక్కున్న కుర్రాడు ఎవరి బాధ్యత?

అయ్యా,

విశాఖలో గంజాయి వ్యతిరేక ర్యాలీ అంటే బ్యానర్ పట్టుకోవడానికి సంస్థలకు కరువు లేదు. కేసులో ఇరుక్కున్న పదహారేళ్ల కుర్రాడి టీసీ కోసం బడి చుట్టూ తిరిగే మనిషే దొరకడు. ఒకే పిల్లాడికి మూడు సంస్థలు కౌన్సెలింగ్ చేస్తాయి, ఆధార్‌లో తప్పుపడిన పుట్టిన తేదీని మాత్రం ఎవరూ సరిచేయించరు.

సంస్థలు కలవడం సులువే, కలిసి ఉండడమే కష్టం. చొరవ తీసుకున్న అధికారికి బదిలీ అవుతుంది, మార్చితో ప్రాజెక్టు డబ్బు ఆగిపోతుంది, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు మిగులుతాయి.

నగరమంతటికీ ఒక కమిటీ వేస్తే అది సమావేశాలకే సరిపోతుంది. పోలీసు స్టేషన్ పరిధిని యూనిట్‌గా తీసుకోవాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి కదా. ఆ అధికారి, సచివాలయం మహిళా పోలీసు, ఒక హెడ్మాస్టరు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సమాఖ్య నాయకురాలు, రెండు మూడు సంస్థలు ఇలాంటి పిల్లల కోసం నెలకొకసారి గంటసేపు కూర్చుంటే చాలు. కన్వీనర్ ఏడాదికి మారాలి, ఉప కన్వీనరే తర్వాత కన్వీనర్ కావాలి. అప్పుడే కాగితాలు చేతులు మారినా పోవు. టీ, జిరాక్సు, బస్సు ఛార్జీలకు సంస్థకు నెలకు 500 రూపాయలు వేసుకుంటే గ్రాంటు కోసం ఎదురుచూడక్కర్లేదు.

రిజిస్టరులో నాలుగే గడులుండాలి: పిల్లాడి కోడ్ నంబరు, అతణ్ని చూసుకునే బాధ్యుడు, చేయాల్సిన పని, గడువు. పేరు రాయకూడదు, ఫొటో అసలే వద్దు. అదే చట్టం 74వ సెక్షన్ కింద పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల జైలు, 2 లక్షల జరిమానా దాకా పడొచ్చు. (అది పత్రికలకూ వర్తిస్తుందని మీకు మేం చెప్పక్కర్లేదు.)

అసలు కీలకం, పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ మండలి ముందు కుర్రాణ్ని మొదటిసారి హాజరుపరిచాక వచ్చే 15 రోజులు. ఆలోగా ప్రొబేషన్ అధికారి కుర్రాడి ఇంటి, చుట్టుపక్కల పరిస్థితులపై మండలికి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఒక్కసారి ఇంటికి వెళ్లొస్తే 'తండ్రి తాగుబోతు, పేద కుటుంబం' అన్న రెండు మాటలకు మించి రాయలేరు. చదువు ఎప్పుడు మానేశాడో, ఎవరి దగ్గర పనికి వెళ్తున్నాడో, ఏ మేనత్త మాట వింటాడో పేటవాళ్లకు తెలుసు. పదో రోజుకల్లా మన బృందం ఆ వివరాలు ఆ అధికారికి అందించాలి. అలాగే ఏ సంస్థ ఎందరిని, ఏ పనికి, ఏ వేళల్లో తీసుకోగలదో మూడు నెలలకోసారి మండలికి రాసివ్వాలి. ఆ జాబితా చేతిలో లేకపోతే మండలి కుర్రాణ్ని సమాజసేవకు పంపుతామన్నా ఎక్కడికి పంపుతుంది? ఒక్కో బాధ్యుడికి అయిదుగురు పిల్లలకు మించి అప్పగించవద్దు. చినవాల్తేరు మానసిక వైద్యశాలకు చీటీ రాసిచ్చి ఒంటరిగా పంపితే కుర్రాడు దారిలోనే మాయమవుతాడు, వెంట మనిషి వెళ్లాల్సిందే.

గంజాయి మోయించిన కేసైతే ప్రతి సమావేశంలోనూ ఒక ప్రశ్న వేయాలి: మోయించినవాడి మీద, పిల్లలతో మత్తు పదార్థాలు మోయించడాన్ని నేరంగా చూసే 78వ సెక్షన్ పెట్టారా? దానికి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. ఎవరూ అడక్కపోతే కేసు కుర్రాడి దగ్గరే ఆగిపోతుంది.

పోలీసు కమిషనర్ గారికి మా విన్నపం ఒక్కటే. బాలల సంక్షేమ అధికారి బదిలీ అయినప్పుడు, కొత్త అధికారి ఈ రిజిస్టరు మీద సంతకం పెట్టి తీసుకునేలా ఉత్తర్వు ఇవ్వాలి.

– బాలల సంక్షేమ కార్యకర్తలు, విశాఖపట్నం