బటర్‌టబ్స్ రైడ్ ఇకపై రీత్ నుంచి (ధర కూడా పెరిగింది, ముందే చెప్తున్నా)

అందరికీ నమస్తే. లీడ్స్ నుంచి, మాంచెస్టర్ నుంచి, న్యూకాసిల్ నుంచి "అన్నా, ఈసారి బటర్‌టబ్స్ ఎప్పుడు" అని మెసేజీలు మొదలయ్యాయి కాబట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నాను. మార్పులు మూడు: మూర్ రైడ్ (మూర్ అంటే చెట్లు లేని ఎత్తైన బీడు కొండ, బటర్‌టబ్స్ అనే కొండదారి ఈ రైడ్‌లోదే) ఇకనుంచి హాస్ అనే ఊళ్ళో కాకుండా రీత్‌లో మొదలవుతుంది, గాలి ఎక్కువుంటే రూటు మారుతుంది, ధర పెరిగింది. కోపం వస్తే మూడోదాని మీదే వస్తుందని తెలుసు, దాన్ని చివర్లో చెప్తాను.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. మాది ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్ అనే లోయల ప్రాంతంలో సైకిళ్ళు అద్దెకిచ్చి, వెంట వచ్చి దారి చూపించే చిన్న వ్యాపారం. నేను, మా ఆవిడ, ఒక పాత వ్యాన్, అంతే. రెండే రూట్లు నడుపుతాం. లోయ రూటు స్కిప్టన్‌లో మొదలై ఎంబ్సే, హాల్టన్ ఈస్ట్ మీదుగా బోల్టన్ ఆబీ చేరి, అక్కణ్ణించి వార్ఫ్ నదిని పట్టుకుని బర్న్‌సాల్, గ్రాసింగ్టన్ దాటి కెటిల్‌వెల్ దాకా వెళ్తుంది. గ్రాసింగ్టన్ తర్వాత అందరూ వెళ్ళే పెద్ద రోడ్డు వదిలేసి నదికి తూర్పున కోనిస్టన్ మీదుగా పోయే సన్న రోడ్డులో తీసుకెళ్తాను. కార్లు తక్కువ, అవతలి ఒడ్డున కిల్న్‌సీ కొండచరియ మొత్తం కనిపిస్తుంది. మూర్ రూటు ఇంకా ఉత్తరాన, స్వేల్ లోయనీ యూర్ లోయనీ కలుపుతూ మధ్యలో రెండుసార్లు కొండ దాటే గుండ్రటి దారి.

రెండూ దాదాపు 60 కిలోమీటర్లే. చిక్కంతా ఇక్కడే వస్తోంది. "లోయ రూటు చేసేశాం, మూర్ కూడా అంతే దూరం కదా" అని బుక్ చేసేస్తున్నారు. దూరం అంతే, నిజమే. కానీ లోయలో ఎదురుగాలి వస్తే చెట్టు అడ్డం వస్తుంది, గోడ అడ్డం వస్తుంది, ఊరొస్తుంది, ఆగి టీ తాగొచ్చు. మూర్ మీద చెట్టన్నది లేదు. పీట్ నేల (నీళ్ళు పట్టి ఉండే నల్లటి మెత్తటి మట్టి), హెదర్ అనే పొట్టి పూలపొదలు, గొర్రెలు, మంచు పడ్డప్పుడు రోడ్డు ఎక్కడుందో తెలియడానికి పాతిన కర్రలు, అంతే. బటర్‌టబ్స్ పైభాగం 526 మీటర్లు. మనవాళ్ళు నవ్వుతారు, అరకు దీనికి దాదాపు రెట్టింపు ఎత్తులో ఉంది కదా అని. అరకులో ఈ గాలి లేదు బాబూ.

ఇప్పుడు రీత్ సంగతి. ఇక్కడ గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచో నైరుతి నుంచో వీస్తుంది. హాస్‌లో బయల్దేరితే ముందు బటర్‌టబ్స్ ఎక్కి, స్వేల్ లోయలో మ్యూకర్, గన్నర్‌సైడ్ మీదుగా గాలి వెన్ను తడుతుంటే హాయిగా రీత్ దాకా దిగి, అక్కడ భోజనం చేసి, గ్రింటన్ మూర్ ఎక్కి, చివరి 20 కిలోమీటర్లు రెడ్‌మైర్ నుంచి హాస్ దాకా పడమటివైపు, ఎదురుగాలిలో తొక్కాలి. కాళ్ళలో సత్తువ అయిపోయాక, కడుపు నిండా తిన్నాక. అందరి ముఖాలూ అక్కడే వాడిపోతున్నాయి. రీత్‌లో మొదలుపెడితే అదే దారి, అదే దిశ, కానీ ఎదురుగాలి పొద్దున్నే అయిపోతుంది. కార్పర్‌బీ, ఆస్క్‌రిగ్ మీదుగా హాస్ చేరి, అక్కడ తిని (వెన్స్‌లీడేల్ చీజ్ అక్కడిదే, పిల్లలకు కొనిపెట్టుకోండి), బటర్‌టబ్స్ ఎక్కి, ఇక మిగిలిన దారంతా గాలి మన వెనకే. దీనికి ఇబ్బంది ఒకటుంది, దాచను. రీత్ నుంచి నది దాటి గ్రింటన్ చేరగానే ఎక్కుడు మొదలవుతుంది, కాళ్ళు వేడెక్కకముందే. అందుకని బయల్దేరేముందు రీత్ చుట్టూ కాసేపు తిప్పుతాను, విసుక్కోకండి.

2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదటి దశ లీడ్స్ నుంచి హారోగేట్‌కు ఇటే వెళ్ళింది. ఈ రెండు కొండలూ ఆ రోజు ముందు ఎక్కినవాళ్ళకు పాయింట్లిచ్చిన ఎక్కుళ్ళే. బటర్‌టబ్స్ 4.5 కిలోమీటర్లు, సగటున 6.8 శాతం వాలు, గ్రింటన్ మూర్ 3 కిలోమీటర్లు, 6.6 శాతం. సగటు చూసి మోసపోకండి, మధ్యలో సైకిలు నిలబడిపోయే ముక్కలున్నాయి. దిగి నడిపించుకుంటూ వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు, నేనైతే అస్సలు అనను.

గాలి విషయం. ఇకనుంచి శుక్రవారం సాయంత్రం వాతావరణ సూచన చూసి, పైన గాలి గంటకు 40 మైళ్ళ వేగం దాటేలా ఉంటే మూర్ రైడ్ ఉండదు, అందరం లోయ రూటుకే వెళ్తాం. వద్దనుకుంటే మీ డబ్బు ఇంకో తారీఖుకు మారుస్తాను. పోయిన ఏడాది ఒకాయన "ఇంత దూరం వచ్చాక లోయలో తిప్పుతారా" అని గట్టిగానే వాదించారు. ఆయనకు చెప్పిందే మీకూ చెప్తున్నా. 2019లో సైకిల్ రోడ్ రేసు ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగినప్పుడు, మగవాళ్ళ రేసులో ఈ రెండు కొండలూ ఉండాల్సింది, వానలకు రోడ్లు మునిగి రెండిటినీ తీసేశారు. అదే ఏడాది జూలైలో వచ్చిన వరదకు గ్రింటన్ దగ్గర వంతెనే కొట్టుకుపోయింది. ప్రపంచ చాంపియన్లకే రూటు మార్చిన చోట మనకు మార్చుకోవడానికి నామోషీ ఎందుకు?

దిగేటప్పుడు రెండు సంగతులు, ఇవి నేను ప్రతిసారీ అరిచి చెప్పేవే. బటర్‌టబ్స్ నుంచి థ్వైట్ వైపు దిగేచోట రోడ్డు సన్నం, ఒక పక్క లోయ, గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే ఆ పిల్ల మీ ముందు నుంచే పరిగెడుతుంది, అనుమానం లేదు. రెండోది క్యాటిల్ గ్రిడ్, అంటే పశువులు దాటకుండా రోడ్డుకడ్డంగా వేసిన ఇనుప కడ్డీలు. దాని మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేక్ పట్టొద్దు, తిన్నగా పోనివ్వండి. తడిగా ఉంటే మరీను.

లోయ రూటుకు పిల్లలతో వచ్చేవాళ్ళకు: బోల్టన్ ఆబీ దగ్గర స్ట్రిడ్ అని నది మొత్తం ఇరుకు రాళ్ళ మధ్య దూరిపోయే చోటుంది. చూస్తే గెంతి దాటేయొచ్చు అనిపిస్తుంది. అక్కడ మనుషుల ప్రాణాలు పోయాయి. మా రైడ్‌లో అక్కడ సెల్ఫీ స్టాప్ లేదు, అడగొద్దు.

ఇక ధర. రోజుకు 48 పౌండ్లుండేది 56 అయింది. ఇన్సూరెన్స్ పెరిగింది, డీజిల్ సంగతి మీకు తెలుసు, కానీ నిజంగా నన్ను తినేసేది బ్రేక్ ప్యాడ్లు. తడి రోడ్డు మీద ఇసుక కలిసి, కొండ దిగేంతసేపూ బ్రేక్ వదలకుండా పట్టుకుంటే వానాకాలపు ఒక్క ఆదివారానికే ప్యాడ్లు సగం అరిగిపోతున్నాయి. పట్టుకోవద్దని చెప్పను, భయమేస్తే పట్టుకోండి, ఆ డబ్బు ధరలోనే వేశాను. ఈ-బైక్‌కు అదనంగా 20. చలిలో, ఎక్కుడులో బ్యాటరీ మీరనుకున్నంత రాదు, టర్బోలో (మోటారు సాయం అన్నిటికన్నా ఎక్కువుండే మోడ్) పెట్టి గ్రింటన్ ఎక్కేసి హాస్‌లో "అన్నా, చార్జింగ్" అంటే నా దగ్గర మంత్రం లేదు. తక్కువ ధరకు సైకిలు మాత్రం అద్దెకిచ్చే షాపులు చాలా ఉన్నాయి, దారి మీకు తెలిస్తే అక్కడే తీసుకోండి, నేనేమీ అనుకోను.

ఆగస్టు గురించి అడిగేవాళ్ళు ఎక్కువ. హెదర్ ఊదారంగులో విరగబూసేది ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. అప్పుడే వారాంతాలు ముందు నిండిపోతాయి. ఆగస్టు 12 నుంచి గ్రౌస్ పిట్టల వేట కూడా మొదలవుతుంది కాబట్టి మూర్ మీద తుపాకీ చప్పుళ్ళు వినిపిస్తే కంగారు పడకండి, రోడ్డు మనదే, రోడ్డు దిగి పొదల్లోకి మాత్రం వెళ్ళొద్దు. పువ్వులతో పనిలేకపోతే జూన్‌లో రండి. పగలు పెద్దది, మ్యూకర్ దగ్గర గడ్డి మైదానాలు పూలతో ఉంటాయి, జనం తక్కువ.

బుక్ చేసేటప్పుడు మీ ఎత్తు సెంటీమీటర్లలో పంపండి, "మీడియం" అని పంపొద్దు. టాయిలెట్లు రీత్‌లో, హాస్‌లో ఉన్నాయి, కొండ మీద లేవు. స్వేల్ లోయలో ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు, ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి రండి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు వ్యాన్‌లో పెట్టుకోవచ్చు, మూత గట్టిగా ఉన్నవైతేనే.