సండర్లాండ్ పాయింట్ సెల్ఫీ స్పాట్ కాదు

సంపాదకులు గారికి,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ పాయింట్ అనే పల్లె మీద వచ్చిన వ్యాసం చూసి అప్పుడే రాద్దామనుకున్నా. కోపం తగ్గాక రాయడం మంచిదని ఆగాను. తగ్గలేదు.

ముందు ఆ ఫొటో సంగతి. మీరు వేసింది ఫుట్‌బాల్ జట్టున్న సండర్లాండ్ నగరంలోని లైట్‌హౌస్. అది ఇంగ్లండ్ తూర్పు తీరం. ఈ ఊరు పడమట, లాంకాస్టర్ దిగువన లూన్ నది సముద్రంలో కలిసేచోట ఉంది. రెండూ ఒకటి కాదని తెలుసుకోడానికి మ్యాపు తెరిస్తే చాలు, లండన్ రానక్కర్లేదు.

అసలు బాధ సమాధి గురించి. 'బానిస పిల్లాడి సమాధి కూడా ఉంది, ఫొటోలకు బాగుంటుంది' అట! 1736 ప్రాంతంలో ఓడలో వచ్చిన నల్లజాతి కుర్రాడు ఇక్కడే చచ్చిపోతే, బాప్టిజం లేదని చర్చి నేలలో చోటివ్వక ఊరవతల పొలంలో పాతిపెట్టారు. అతని అసలు పేరేంటో ఎవరికీ తెలియదు. అరవై ఏళ్ల తర్వాత, 1796లో, జేమ్స్ వాట్సన్ అనే రిటైరైన పంతులు చందాలు పోగుచేసి ఫలకం పెట్టించాడు. ఇప్పటికీ పిల్లలు రాళ్లకు రంగులేసి అక్కడ పెట్టి వెళ్తుంటారు. ఇవేవీ రాయడానికి చోటు లేదుగానీ ఫిష్ అండ్ చిప్స్ మీద ఒక పేరా ఉంది.

పైగా, ఇంగ్లండ్‌కి తొలి పత్తి బేలు దిగింది ఇక్కడేనని ఊళ్లో చెప్పుకునే కథని చరిత్ర చేసేశారు. ఈ రేవును పెంచిన రాబర్ట్ లాసన్ పేరు లేదు, 1787లో ఎదుటి గట్టున గ్లాసన్ డాక్ తెరవగానే వ్యాపారమంతా అటు తరలిపోయిన సంగతీ లేదు.

మీ ఒక్కరినే అనడం కూడా న్యాయం కాదులెండి. బానిసల వ్యాపారంలో లాంకాస్టర్ ఒకప్పుడు ఇంగ్లండ్‌లోనే నాలుగో పెద్ద రేవు. 1764లో కట్టిన కస్టమ్స్ హౌస్‌ని మ్యూజియం చేసి ముచ్చటగా చూసుకుంటున్నారు, ఆ ఒడ్డునే బానిసల గుర్తుగా ఒక స్మారకం పెట్టడానికి మాత్రం 2005 దాకా ఆగారు. ఆ వ్యాపారాన్ని నిషేధించిందేమో 1807లో! పెద్దమనుషుల తీరిక అలా ఉంటుంది, అక్కడైనా ఇక్కడైనా.

ఇక 'అలలు దారి మూసేసే అందాల పల్లె' అన్నారు. పక్కనున్న ఓవర్టన్ అనే ఊరి నుంచి ఊళ్లోకి బండి వెళ్లే దారి ఒక్కటే, పోటొస్తే అది మునుగుతుంది. అక్కడివాళ్లకు అది అందం కాదండీ, పిల్లల బడి, డాక్టరు, సరుకులు అన్నీ పోటు వేళలు చూసుకునే. ఇక్కడ చదువుకునే మన పిల్లలు మీ వ్యాసం ఫోన్లో ఫార్వర్డ్ చేసుకుని అద్దె కారేసుకుని బయల్దేరతారు, వాళ్లకెవరు చెప్పాలి? ఇదే మోర్‌కాంబ్ బే అనే అఖాతంలో, కాస్త ఉత్తరాన, 2004 ఫిబ్రవరి రాత్రి గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు ఇరవై మందికి పైగా పోటుకు చిక్కి చనిపోయారు. కూలీల మేస్త్రీకి 14 ఏళ్ల జైలు పడింది.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. వేస్తే మాత్రం, ఆ రోజు పోటు టైమింగ్స్ చూసుకోకుండా ఆ రోడ్డెక్కొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి.

— మీ పాఠకుడు, లాంకాస్టర్