తెలుగు నోట్సులో తెలుగే లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పటి నుంచి మా నోట్సులన్నీ పీడీఎఫ్‌లు చేసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. పిల్లలకు జిరాక్సు ఖర్చు తప్పింది, మాకు డిక్టేషన్ బాధ తప్పింది అని సంతోషపడ్డాం కూడా. పోయిన సెమిస్టర్‌లో చూపు లేని అబ్బాయి ఒకతను బీఏలో చేరాడు. రెండు వారాలయ్యాక స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, "సార్, మీరు పెట్టిన నోట్సుల ఏం లేదంటుంది నా ఫోను" అన్నాడు.

ఎందుకు లేదయ్యా, నలభై పేజీలుంది అన్నాను. అతను ఫోను నా చెవి దగ్గర పెట్టి తెర మీద వేలు జరిపాడు. అక్షరాలను పైకి చదివే టాక్‌బ్యాక్ అందులో ఉంది. పేజీ నంబర్లు తప్ప ఇంకో మాట రాలేదు. నేను పెట్టింది నా చేతిరాతకు తీసిన ఫొటోలు. నాకు అది పాఠం, ఆ ఫోనుకు అది వట్టి బొమ్మ. సరే, డీటీపీ చేయించిన రెండో యూనిట్ తెరవమన్నాను. అది ఇంకా అన్యాయం. "డాలర్, ఎల్, స్టార్, బ్రాకెట్" అంటూ గబగబా చదువుకుంటూ పోయింది. పక్కనున్న సార్లు నవ్వారు. అబ్బాయి కూడా నవ్వాడు, పాపం. అతనికి ఇది ఇంటర్ నుంచి అలవాటేనట.

డీటీపీ సెంటర్ కుర్రాడిని అడిగితే సంగతి తెలిసింది. మన దగ్గర పుస్తకాలకు, గైడ్లకు ఇప్పటికీ ఎక్కువగా వాడేది యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరానికీ కంప్యూటర్ గుర్తుపట్టే సొంత నంబరు ఇచ్చే పద్ధతి) రాకముందు నాటి ఫాంట్లు. వాటిలో తెర మీద మనకు 'క' కనిపిస్తుంది కానీ, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లిషు అక్షరమో, గుర్తో. చదివే సాఫ్ట్‌వేర్‌కు అందేది ఆ లోపలిదే. ఎన్‌వీడీఏ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. దాని ముందు తెలుగు అనేదే పెట్టకపోతే అదేం చదువుతుంది?

వీడియో పాఠాల గురించి చెప్పాలంటే నాకే సిగ్గు. డిమాండ్ రేఖ మీద నేను చెప్పిన పాఠం మళ్లీ వింటే, "ఇది ఇట్లా కిందికి వస్తుంది, చూశారా? ఇక్కడ ఇది దీన్ని తాకుతుంది" అని ఉంది. ధర తగ్గితే కొనేది పెరుగుతుంది అన్న మాట అందులో ఒక్కసారి కూడా లేదు. చూపున్న పిల్లలకైనా అది పాఠమేనా అని ఇప్పుడు అనుమానం. వినికిడి లేని పిల్లలకు ఆ వీడియో కింద ఒక్క అక్షరమూ కనిపించదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో వీళ్లకు 5 శాతం సీట్లు ఇమ్మంది. సీటు ఇస్తున్నాం. అదే చట్టం 42వ సెక్షన్, ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారం వీళ్లు వాడుకునేలా ఉండేటట్టు ప్రభుత్వం చూడాలని కూడా అంటుంది. అది ఎవరికీ గుర్తుండదు. ఈ సదుపాయాల నిబంధనలు ఉత్త సలహాల్లాగా ఉంటే చెల్లదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కాపీరైట్ అడ్డమొస్తుందని ఒక పబ్లిషర్ నాతో అన్నాడు. అది వట్టి సాకు. చదవలేని వాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణలోనే ఉంది. ఇదే విషయం మీద వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

"ఒక్కడి కోసం ఇంత అవసరమా" అని ఒక పెద్ద సారు అడిగారు. నా చేతిరాత పీడీఎఫ్ 38 ఎంబీ. అదే టైపు చేస్తే ఒక ఎంబీ కూడా కాలేదు. డేటా అయిపోయిందని రోజూ గొణిగే మిగతా పిల్లలే ముందు సంబరపడ్డారు.

ప్రభుత్వాన్ని, యూనివర్సిటీలను నేను కోరేది పెద్ద బడ్జెట్ కాదు. స్టడీ మెటీరియల్ టైపు చేయించే కాంట్రాక్టులో "యూనికోడ్‌లో ఇవ్వాలి" అని ఒక్క షరతు రాయాలి. వెబ్‌సైట్‌లో ఎక్కించే ఉద్యోగి ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడాలి. తెలుగు తెలుగుగా పడిందా, ఎక్కించండి. గుర్తులు పడ్డాయా, అసలు ఏమీ కాపీ కాలేదా, వెనక్కి పంపండి. అర నిమిషం పని. అంతటితో అన్నీ సరిపోవు, పట్టికలు, పటాలు ఉంటాయి. వాటికి పక్కన రెండు వాక్యాల వివరణ మాలాంటి వాళ్లం రాయాలి.

నేను ఇప్పటికి మూడు యూనిట్లు యూనికోడ్‌లో టైపు చేశాను. వేళ్లు నొప్పి పుట్టాక ఫోనులో మాట్లాడి టైపు చేయిస్తున్నాను, ఒత్తులు మాత్రం నేనే దిద్దుకోవాలి. ఇంకా రెండున్నాయి, పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఈ ఉత్తరం మీరు వేస్తే ఆ అబ్బాయికి ఫోన్ చేసి నేనే చదివి వినిపిస్తాను. మీ ఈ-పేపర్ కూడా బొమ్మే, సార్.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, నల్లగొండ జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)