ఆన్‌రోడ్ ధరలో పన్నెంత, వడ్డనెంత?

సంపాదకుడికి,

పండగ సీజన్‌లో కారు కొందామని షోరూముకు వెళ్లిన కుటుంబం చేతికి ముందుగా వచ్చేది కొటేషన్ కాగితం. పైన ఎక్స్‌షోరూమ్ ధర (కారు ధర), అడుగున ఆన్‌రోడ్ ధర (పన్నులు, బీమా అన్నీ కలిపి చివరికి కట్టేది) ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడా మామూలు కారుకే లక్ష దాటుతుంది. అందులో ప్రభుత్వానికి చేరేదెంత, డీలరు దగ్గర ఆగేదెంత అన్నది ఆ కాగితం చెప్పదు. గట్టిగా అడిగితే ‘అన్నీ కలిపే సార్, అందరికీ ఇంతే’ అంటారు. చట్టప్రకారం తప్పనివి ఒక వరుసలో, కొనేవారు వద్దనగలిగినవి మరో వరుసలో అచ్చువేసి ఇవ్వాలని రవాణా శాఖ ప్రతి డీలరునూ ఆదేశించాలి. ఈ లేఖ అందుకే.

తెలంగాణలో ఎక్స్‌షోరూమ్ ధర 8,00,000 రూపాయలున్న, 1000 నుంచి 1500 సీసీ మధ్య ఇంజన్ గల పెట్రోలు కారును తీసుకుందాం. ఆ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి షోరూముకు తెచ్చిన రవాణా ఖర్చూ అందులోదే. దానిపైన లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,000. రిజిస్ట్రేషన్ ఫీజు 600, స్మార్ట్ కార్డుకు 200, లోను తీసుకుంటే బ్యాంకు పేరు ఆర్‌సీలో ఎక్కించడానికి 1,500. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి) 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం 10,640, దాని మీద 18 శాతం జీఎస్టీతో 12,555. మొత్తం 1,26,855. సర్వీసు ఛార్జీ, ఫాస్టాగ్ లాంటి చిన్న ఖర్చులు కలిపినా ఇంకో వెయ్యికి అటూ ఇటూ. తప్పనిసరిగా కట్టాల్సింది ప్రధానంగా ఇదే. ఇక కొటేషన్‌లో కనిపించేది చాలావరకు బేరానికి దిగగలిగినదో, వద్దనగలిగినదో.

ఆ మిగిలిన వాటిలో మొదటిది హ్యాండ్లింగ్ ఛార్జీ. కొన్నిచోట్ల లాజిస్టిక్స్ అంటారు, కొన్నిచోట్ల డిపో ఛార్జీ అంటారు. రవాణా ఖర్చు ధరలోనే ఉన్నప్పుడు ఇది రెండోసారి వసూలు చేయడమే. రెండోది ‘ఆర్టీఏ ఖర్చులు’. కొత్త బండిని డీలరున్న రాష్ట్రంలోనే రిజిస్టరు చేయిస్తుంటే దరఖాస్తు పెట్టాల్సింది డీలరేనని మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను చెబుతోంది. తన చట్టబద్ధమైన బాధ్యతకు డీలరు కొనేవారి దగ్గర వేలు తీసుకోవడం ఏ లెక్కనా న్యాయం కాదు. పై ఫీజులకు మించి ఏది రాసినా ‘ప్రభుత్వ రసీదు ఇస్తారా?’ అని అడగాలి. రసీదు రాని మొత్తాన్ని కొటేషన్‌లోంచి కొట్టేయమనాలి. ఎలక్ట్రిక్ కారు కొనేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో వాటికి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రెండింటికీ పూర్తి మినహాయింపు ఉంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది బీమాలో. థర్డ్ పార్టీ భాగం ఏ కంపెనీలోనైనా ఒకటే రేటు. తేడా అంతా ఓన్ డ్యామేజ్ (మన కారుకే జరిగే నష్టం) భాగంలో. అక్కడ రేటు కంపెనీ ఇష్టం, డీలరుకు కమిషన్ కూడా ఎక్కువగా అక్కడే. షోరూము బీమానే తీసుకోవాలని ఏ నిబంధనా లేదు. ‘బయట తీసుకుంటే మా వర్క్‌షాపులో క్యాష్‌లెస్ (రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా కట్టడం) కుదరదు’ అనే మాటను నమ్మనక్కర్లేదు. క్యాష్‌లెస్ సదుపాయం బీమా కంపెనీకీ వర్క్‌షాపుకూ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది కానీ పాలసీ ఎవరు అమ్మారన్నదాన్ని బట్టి కాదు. ఆ వర్క్‌షాపు తమ జాబితాలో ఉందో లేదో బీమా కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

బయట పాలసీ తీసుకోవాలంటే ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కావాలి. చిక్కు వచ్చేది ఇక్కడే. డెలివరీ ముందురోజు సాయంత్రం దాకా ఆ నంబర్లు ఇవ్వకుండా తిప్పితే కొనేవారికి వేరే దారి ఉండదు. అందుకే కారు అలాట్ అయిన రోజే రెండు నంబర్లతో ప్రొఫార్మా ఇన్వాయిస్ (ముందస్తు బిల్లు) ఇస్తామని బుకింగ్ రసీదు మీదే రాయించుకోవాలి. ధరలు పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే పాలసీలో కారుకు కట్టే విలువ, ఒకటే ఉండాలి. కొత్త కారుకు అది ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం, అంటే ఇక్కడ 7,60,000. ఐడీవీ తగ్గించి ప్రీమియం చవగ్గా చూపించడం పాత ఎత్తు. కారు దొంగతనానికి గురైనా, పూర్తిగా నుజ్జయినా చేతికొచ్చేది ఆ తగ్గించిన మొత్తమే. యాడ్ఆన్లలో (అదనపు కవర్లలో) జీరో డిప్రిసియేషన్, అంటే విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చేది, మొదటి మూడు నాలుగేళ్లు ఉపయోగం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీల్లో కార్లను ముంచెత్తింది కదా, అలాంటి పల్లపు ప్రాంతాల్లో ఉండేవారికి ఇంజన్ ప్రొటెక్ట్ అవసరం. నీళ్లలో నిలిచిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు పాలసీ ఆ నష్టం ఇవ్వదు. తాళాల కవరు, సామాను కవరు లాంటివి తీసేయమంటే ప్రీమియం దిగుతుంది. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇప్పటికే ఉంటే ఇక్కడ మళ్లీ కట్టనక్కర్లేదు.

పాత కారు అమ్మేస్తున్నవారు నో క్లెయిమ్ బోనస్‌ను, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపును, వదులుకుంటున్నారు. ఆ బోనస్ బండిది కాదు, యజమానిది. పాత బీమా కంపెనీకి అమ్మకం రుజువు చూపించి లెటర్ తీసుకుంటే మూడేళ్ల దాకా చెల్లుతుంది, కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో గరిష్ఠంగా 50 శాతం తగ్గుతుంది. అడగనిదే షోరూములో ఈ మాట ఎత్తరు.

కిట్ల సంగతి. ఫ్లోర్ మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, పెయింట్ కోటింగ్ కలిపి ‘ఎసెన్షియల్ కిట్’ అని రాస్తారు. వద్దంటే ‘యార్డులోనే బిగించేశారు’ అంటారు, లేదా ‘కిట్ లేకుండా అయితే డెలివరీ రెండు నెలలు’ అంటారు. ఒకటి అమ్మడానికి మరొకటి కొనాలని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా పేర్కొంది. ఈ ఒక్క మాట కొటేషన్ వెనక రాసి మేనేజరు చేతికిస్తే చాలాచోట్ల కిట్ ఐచ్ఛికం అయిపోతుంది. ఎక్స్‌టెండెడ్ వారంటీ పనికొచ్చేదే, కానీ చాలా కంపెనీలు దాన్ని అసలు వారంటీ ముగిసేలోగా ఎప్పుడైనా ఇస్తాయి. కొనేరోజే తీసుకోవాలన్న తొందరేమీ లేదు.

తగ్గింపు అడిగితే ‘కంపెనీ ఒప్పుకోదు’ అంటారు. ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది. మారుతీ సుజుకీ తన డీలర్లు పరిమితికి మించి తగ్గింపు ఇవ్వకుండా కట్టడి చేసిందని, ఆ పరిమితి దాటేవారిని పట్టుకోవడానికి ఖాతాదారుల వేషంలో మనుషుల్ని పంపిందని తేల్చి, మార్కెట్లో పోటీని కాపాడే భారత కాంపిటీషన్ కమిషన్ 2021 ఆగస్టులో ఆ కంపెనీకి 200 కోట్ల జరిమానా వేసింది. కంపెనీ దానిపై అప్పీలుకు వెళ్లింది. ఏమైనా, ఒకే మోడల్, ఒకే వేరియంట్‌కు ముగ్గురు డీలర్ల దగ్గర లిఖితపూర్వకంగా కొటేషన్లు తీసుకుని చివరి మొత్తాలే పోల్చాలి. ఒకచోట నగదు తగ్గింపు ఇచ్చి బీమాలో లాగుతారు, ఇంకోచోట ఎక్స్ఛేంజ్ బోనస్ ఘనంగా చూపించి పాత కారు విలువ కోస్తారు. పాత కారుకు బయట ఎంత వస్తుందో ముందే కనుక్కోవాలి. లోనుకు బ్యాంకు ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో వార్షిక ఖర్చు శాతం ఉంటుంది. సేల్స్‌మన్ చెప్పే వడ్డీ కంటే అదే నిజం.

డిసెంబరులో పెద్ద తగ్గింపులు ఉంటాయి. కారణం తయారీ సంవత్సరం. ఆర్‌సీలో తయారైన నెల, ఏడాది పడతాయి కాబట్టి జనవరిలో అమ్మిన నిరుటి బండి రీసేల్‌లో ఏడాది పాతదే. డీలరు ఇచ్చే అమ్మకం పత్రం ఫారం 21లో తయారీ నెల చూడాలి, టైరు పక్కనుండే నాలుగంకెలతో సరిపోల్చాలి. మొదటి రెండు అంకెలు వారం, చివరి రెండు ఏడాది. ఈ తనిఖీ, పెయింటు, అద్దాలు, ఓడోమీటరు పరిశీలన రిజిస్ట్రేషన్ నంబరు (తాత్కాలికమైనా సరే) పడకముందే చేయాలి. పడ్డాక కారు మార్చి ఇమ్మంటే ఒప్పుకోరు. పది లక్షలు దాటిన కారుకు వసూలుచేసే 1 శాతం టీసీఎస్ (అమ్మకం దగ్గరే ముందుగా తీసుకునే ఆదాయపన్ను) పోయే డబ్బు కాదు. డీలరుకు పాన్ ఇచ్చి టీసీఎస్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

అన్యాయంగా వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు నుంచి పది లక్షల మధ్య చెల్లించిన కేసుకు ఫీజు 200 రూపాయలే, రెండేళ్లలోపు వేయాలి. కానీ పదివేల హ్యాండ్లింగ్ ఛార్జీ కోసం సెలవు పెట్టి కమిషన్ చుట్టూ తిరిగేవారు ఎందరు? డీలరు ధీమా అదే. డీలరు వ్యాపారానికి కావాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్ రవాణా శాఖ చేతిలో ఉంది, దాన్ని సస్పెండ్ చేసే అధికారమూ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. రెండు వరుసల కొటేషన్ ఇవ్వనివారికి ఆ సర్టిఫికెట్ రెన్యువల్ ఆపాలి. లైఫ్ ట్యాక్స్, ఫీజుల పట్టికను ప్రతి షోరూము గోడమీద తెలుగులో అతికించాలి. దసరా అమ్మకాలు మొదలయ్యేలోగా రవాణా కమిషనర్ ఈ ఉత్తర్వు ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, వరంగల్