థోర్‌కి మొక్కే ఇంట్లో అద్దెకున్న అమ్మాయికి

చిన్నీ,

నీ మెయిల్ మీ నాన్నకి చదివి వినిపించాను. "ఇంకేం, వాళ్ళూ మనవాళ్ళే" అనేసి ఆయన మళ్ళీ పేపర్లో తల పెట్టేశారు. నువ్వూ దాదాపు అదే రాశావు. మీ ఇంటావిడ క్రైస్తవానికి ముందున్న ఉత్తర ఐరోపా దేవుళ్ళని కొలుస్తుందట: మెడలో థోర్ దేవుడి సుత్తి, కిటికీ దగ్గర ఫ్రేయా దేవత బొమ్మ, శుక్రవారం శుక్రవారం దాని ముందు చిన్న గిన్నెలో తేనె. "అచ్చం అమ్మమ్మ దేవుడి గూడే అమ్మా, అదీ ఐస్‌లాండ్‌లో, రేక్యవిక్‌లో!" అన్నావు. బ్లోట్ అని వాళ్ళు చేసుకునే వేడుకకి ఆవిడ రమ్మందని, వెళ్ళనా వద్దా అని అడిగావు.

వెళ్ళు. వెళ్ళి "మా దగ్గరా ఇంతే" అని మాత్రం మొదలుపెట్టకు. మనవాళ్ళకి ఏ దేశం దేవుణ్ణి చూపించినా రెండు నిమిషాల్లో మన దేవుడికి చుట్టం చేసేస్తారు. కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఇది చూస్తూనే వచ్చాను. థోర్ ఉరుములూ పిడుగుల దేవుడా? అయితే ఇంద్రుడే. అయిపోయింది, ఇక వినాల్సిందేమీ లేదు. పండితులు కూడా ఆ పోలికలు చూపిస్తారు, కాదనను. కానీ మీ ఇంటావిడ తేనె పెడుతున్నది ఇంద్రుడి తరఫు వాళ్ళకి కాదు కదా.

అమ్మమ్మకి ఆ దేవుడి గూడు వాళ్ళ అత్తగారి నుంచి వచ్చింది. ఏ రోజు ఏం నైవేద్యం పెట్టాలో, ఇంట్లో ఎవరైనా పోతే ఎన్నాళ్ళు దీపం పెట్టకూడదో అడగడానికి పైన ఒక మనిషి ఉండేది. మీ ఇంటావిడకి అలా చెప్పేవాళ్ళు లేరు. 1000వ సంవత్సరం ప్రాంతంలో క్రైస్తవంలోకి మారాలా వద్దా అని ఐస్‌లాండ్ వాళ్ళ ఆల్తింగ్ సభలో తన్నుకునేదాకా వచ్చింది. చివరికి తీర్పు థోర్గేర్ అనే పెద్దమనిషికి వదిలేశారు. ఆయనేమో పాత దేవుళ్ళని కొలిచేవాడు. ఒక పగలూ ఒక రాత్రీ పైన గుడ్డ కప్పుకుని పడుకుని, లేచి, అందరూ క్రైస్తవం తీసుకోవాల్సిందే అన్నాడు. ఎవరూ చూడకుండా పాత దేవుళ్ళకి బలులు ఇచ్చుకోవచ్చన్న వెసులుబాటు ఉంచారుగానీ, కొన్నేళ్ళకి అదీ పోయింది. ఆ తర్వాత ఆ దేవుళ్ళు ముఖ్యంగా మిగిలింది పుస్తకాల్లోనే. అవి రాసిపెట్టింది కూడా రెండు వందల ఏళ్ళ తర్వాతి క్రైస్తవులే, స్నోరి స్టుర్లుసన్ లాంటివాళ్ళు.

ఆ దేవుళ్ళ గురించిన పాత పద్యాల ముఖ్యమైన రాతప్రతి చాలాకాలం డెన్మార్క్‌లో ఉండిపోయింది. 1971లో ఓడలో తిరిగొస్తే జనం రేవుకి పోటెత్తారు. మరుసటి ఏడు, 1972లో, వాళ్ళు వేసవి మొదటి రోజుగా చేసుకునే పండగనాడు కొద్దిమంది కూర్చుని ఆ పాత దేవుళ్ళని కొలవడానికి అసాత్రు అనే సంఘం పెట్టుకున్నారు. పెద్ద ఎవరనుకున్నావు, స్వేన్‌బ్యోర్న్ బేన్‌టెయిన్సన్ అనే గొర్రెల రైతు, కవి. తెల్లటి పొడుగు గడ్డం, పాత పద్యాలు రాగం తీసి పాడేవాడు. ప్రభుత్వ గుర్తింపు కోసం మంత్రిగారిని కలిసి వచ్చిన కాసేపటికే ఉరుములూ మెరుపులూ వచ్చి ఊళ్ళో కరెంటు పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. థోర్ సంతకం పెట్టాడనుకో. 1973లో గుర్తింపు రానే వచ్చింది. నాలుగు లక్షలమంది కూడా లేని దేశంలో ఇవాళ ఆ సంఘంలో 5,000 మందికి పైగా ఉన్నారు.

అందరి నమ్మకమూ ఒక్కలా ఉండదు. ఇప్పటి పెద్ద హిల్మార్ ఓర్న్ హిల్మార్సన్ సంగీతకారుడు. ఎనిమిది కాళ్ళ గుర్రం మీద తిరిగే ఒంటికన్ను మనిషిని, అంటే వాళ్ళ పెద్ద దేవుడు ఓడిన్‌ని, ఎవరైనా నిజంగా నమ్ముతారని తను అనుకోననీ, ఆ కథలు ప్రకృతి శక్తుల గురించిన కవిత్వమనీ ఆయనే అన్నాడు. ఇంకోవైపు ఓడినో ఫ్రేయానో తమకి నేస్తమనీ, కలలోకి వస్తారనీ, మాట్లాడతారనీ చెప్పేవాళ్ళు ఉన్నారు, అమెరికాలో మరీను. గిన్నెలు తోముకుంటూ ఫ్రేయాతో కబుర్లు చెబుతుందని రాశావు కాబట్టి మీ ఇంటావిడది రెండో బాట అనుకుంటాను. "నిజంగా వింటుందంటారా?" అని అడగకు. తులసికోట దగ్గర నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

వాళ్ళ హావమాల్ పద్యాల్లో ఒకచోట, అతిగా బలులు ఇవ్వడం కంటే అసలు అడగకపోవడమే నయం, కానుక ఎప్పుడూ తిరుగు కానుక కోసం చూస్తుంది అని ఉంటుంది. నాకు అర్థమైనంతలో వాళ్ళది ముందు పరిచయం, తర్వాతే సాయం. మనం పరీక్ష ముందు మొక్కుకుని పాసయ్యాక తల నీలాలిస్తాం. మీ ఇంటావిడ ఏమీ అడగని శుక్రవారాలు కూడా తేనె పెడుతుంది చూడు, అదీ సంగతి. పాత కథల్లో థోరోల్ఫ్ అనే ఆయనకి థోర్ ఆప్తమిత్రుడు. నార్వే వదిలి వస్తూ థోర్ బొమ్మ చెక్కిన పీఠం స్తంభాలు వెంట తెచ్చి, ఐస్‌లాండ్ తీరం కనబడగానే సముద్రంలోకి విసిరేశాడు. అవి ఎక్కడ ఒడ్డుకి చేరితే అక్కడే కాపురం.

స్నేహం ఉన్నచోట తగువూ ఉంటుంది. ఆ పాత కథల్లోనే ఎగిల్ అని మహాకవి, మహా మొండివాడు. కొడుకు బోద్వర్ పడవ మునిగి పోయాడు. ఎగిల్ గదిలో పడుకుని గడియ వేసుకున్నాడు, తిండీ లేదు, నీళ్ళూ లేవు. కూతురు థోర్గెర్ద్ వచ్చి "నేనూ నీతోపాటే పోతాను, తలుపు తియ్యి" అని లోపలికి వెళ్ళి పక్క మంచం మీద పడుకుంది. కాసేపటికి ఏదో నములుతున్న చప్పుడు. ఏమిటని అడిగితే "సముద్రపు నాచు. ఇది తింటే త్వరగా పోతామట" అంది. ఆయనా నమిలాడు. ఉప్పుకి దాహం వేసి నీళ్ళడిగితే కొమ్ములో పాలు వచ్చాయి. ఆబగా తాగేశాక "మోసపోయాం నాన్నా" అంది. "ఎలాగూ బతికాం కదా, తమ్ముడి మీద పద్యం చెప్పు, నేను కర్ర మీద చెక్కుతాను" అంది. ఆ పద్యంలో ఎగిల్ ఓడిన్‌ని నిలదీశాడు: నిన్ను నమ్మాను, నువ్వే స్నేహం తెంపావు అని. మళ్ళీ అదే నోటితో, నాకు ఈ కవిత్వం ఇచ్చిందీ నువ్వేలే అని ఒప్పుకున్నాడు.

అది చదివినప్పుడు గోల్కొండ చెరసాలలో రాముణ్ణి తిట్టిపోసిన రామదాసు నాకూ గుర్తొచ్చాడు, అబద్ధమెందుకు. కానీ రాముడు వచ్చి తానీషాకి బాకీ కట్టాడని మనం చెప్పుకుంటాం. ఓడిన్ రాలేదు, పిల్లవాడూ తిరిగి రాలేదు. వస్తాడని ఎగిల్ అనుకోనూ లేదు. ఓడిన్ కొడుకు బాల్డర్ కూడా పోయినవాడే. రాగ్నరోక్ నాడు, అంటే లోకం అంతమయ్యే యుద్ధంలో, ఓడిన్‌నీ ఫెన్రిర్ అనే తోడేలు మింగేస్తుంది, ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు. చావు తప్పని దేవుడితో చెలిమి అది. మన ఇంట్లో ఏ దేవుడి గురించీ మనం అలా అనుకోలేదు కదూ? అందుకే "అచ్చం" అనొద్దన్నాను.

ఇక అమ్మ మాటలు. సుత్తి, రూన్ అనే పాతకాలపు అక్షరాలు వేసుకున్న ప్రతివాడి వెనకా వెళ్ళకు. జాతి పిచ్చి ఉన్నవాళ్ళు కూడా ఆ గుర్తులే వాడతారు. ఐస్‌లాండ్ సంఘం అలాంటివాళ్ళకి దూరంగా ఉంది. స్వలింగ జంటలకి పెళ్ళిళ్ళు చేస్తున్నందుకు బయటి దేశాల నుంచి వాళ్ళకి బెదిరింపులు కూడా వచ్చాయి. అయినా ఎవరు పిలిచారు, ఎక్కడికి అన్నది చూసుకుని వెళ్ళు, నాకు టెన్షన్ పెట్టకు. వేడుకలో అందరి చేతులూ మారే తాగుడు కొమ్ము నీ చేతికొస్తే అందులో తేనెతో చేసిన మద్యం ఉండొచ్చు. తాగనక్కర్లేదు, కాస్త నేల మీద ఒంపి పక్కవాళ్ళకిచ్చినా సరిపోతుంది, ముందే మీ ఇంటావిడని అడిగి పెట్టుకో. సరదాకి కూడా ఒట్లు పెట్టకు, కొమ్ము పట్టుకుని అన్న మాటని వాళ్ళు చాలా గట్టిగా పట్టించుకుంటారు. అమ్మమ్మ పేరు తలుచుకో, పోయిన పెద్దల్ని తలుచుకోవడం వాళ్ళకీ ఉంది.

సెలవు దొరికితే బోర్గ్ వెళ్ళు, ఎగిల్ ఇల్లు అక్కడే. ఆ పద్యం పేరుతో శిల్పం కూడా ఉంది. ఫోటో పంపు.

మీ ఇంటావిడని నా తరఫున ఒకటి అడుగు: ఫ్రేయా మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా, వస్తే ఆ శుక్రవారం తేనె పెట్టిందా మానేసిందా? ఏం చెప్పిందో వివరంగా రాయి.

ఆశీస్సులతో,
అమ్మ