మెట్లు కనబడని కాలేజీ: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మా అమ్మాయి వీల్‌చెయిర్‌లో తిరుగుతుంది. ఈ ఏడు డిగ్రీలో చేరాలి. ప్రతి కాలేజీకీ వెళ్లి చూసి రావడం మా వల్ల అయ్యే పని కాదు. అందుకే నెల రోజులుగా రాత్రి పనులయ్యాక ఇద్దరం ఫోన్ ముందేసుకుని కూర్చుంటున్నాం.

ఒక కాలేజీ వర్చువల్ టూర్ తెరిచాం. గేటు దగ్గర బాణం నొక్కితే హాల్లో ఉన్నాం. ఇంకోసారి నొక్కితే రెండో అంతస్తులో, లైబ్రరీలో. మధ్యలో మెట్లున్నాయో లిఫ్టుందో చూపించరు. "అమ్మా, ఈ కెమెరాకి రెక్కలున్నట్టున్నాయే" అంది. చివరికి మ్యాప్‌లో వీధి ఫొటోలు తిప్పితిప్పి ముఖద్వారం పట్టుకున్నాం. ఏడు మెట్లు, ర్యాంపు లేదు. అయితే ఆ ఫొటో ఆరేళ్ల నాటిది, ఈలోపు కట్టారేమో! ఫోన్ చేస్తే "అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ, ముందు సీటు బుక్ చేసుకోండి" అన్నారు.

అధ్యాపకుల జాబితా చూసి ఒక మేడమ్‌కి మెయిల్ పెట్టాం. పాపం, వెంటనే జవాబిచ్చారు. ఆవిడ ఆ కాలేజీ మానేసి రెండేళ్లయిందట.

ఇక ఉద్యోగాల ప్యాకేజీల సంగతి, అంటే చదువయ్యాక పిల్లలకి వచ్చే ఏడాది జీతాలు. పదిమందిలో ఒకరికి 40 లక్షలు, మిగతా తొమ్మిదిమందికి 3 లక్షల చొప్పున వచ్చినా సగటు 6.7 లక్షలని వేసుకోవచ్చు. అబద్ధం కాదు మరి! వరసలో నడిమి పిల్లాడికి వచ్చేది మాత్రం 3 లక్షలే.

అమెరికా విద్యాశాఖ వారి కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వెబ్‌సైట్‌లో, ఒక్కో కాలేజీలో చేరినవాళ్లలో ఎందరు చదువు పూర్తిచేశారు, తర్వాత వాళ్లలో వరసలో నడిమివాళ్ల సంపాదన ఎంత అన్నది ఇంట్లోంచే చూసుకోవచ్చు. క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్క ఏటా బయటపెట్టాలని అక్కడ 1990లోనే చట్టం చేశారు. బ్రిటన్‌లో 2005 నుంచి ఏటా ఆఖరి సంవత్సరం విద్యార్థులనే అడిగి, వాళ్ల అభిప్రాయాలను ప్రకటిస్తున్నారు. ఈ లెక్కల్లోనూ లోపాలుంటాయి. కానీ ఏం చూపించాలన్నది కాలేజీ ఒక్కదాని ఇష్టానికి వదిలేయలేదు.

మీరూ ఒక నమూనా పెట్టండి సార్. ఎందరు చేరారు, ఎందరు గట్టెక్కారు, ఈ ఏడాది పాఠాలు చెబుతున్నదెవరు, నడిమి జీతమెంత. ప్రతి అంకె పక్కనా తేదీ ఉండాలి. గేటు నుంచి క్లాసు దాకా ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో ఒకటి పెట్టించండి, ఫోన్‌తో తీసినా చాలు. మాకు ఇప్పటిదాకా బాగా పనికొచ్చింది ఒక సీనియర్ అమ్మాయి హాస్టల్లో నడుస్తూ తీసిన వీడియోనే. అందులో బాత్రూమ్ గడప కూడా కనబడింది.

దరఖాస్తుకి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ ఏడు మెట్ల కాలేజీకి మా అమ్మాయి నిన్న మళ్లీ మెయిల్ పెట్టింది, వెనకవైపు తలుపేమైనా ఉందా, ఉంటే దానికి తాళం ఎప్పుడు తీస్తారు అని.

ఇట్లు,
ఒక తల్లి